పాతది వద్దు, కొత్తది చెప్పు

"తిరుపతిలో సముద్రం యాడుండాది మేడమ్?" అని నన్ను అడగని ఆటో డ్రైవరు ఈ ఊళ్ళో లేడు. బస్టాండు దగ్గర ఎక్కి ఫలానా ఆఫీసు ముందు దించు నాయనా అంటే, ఆ బోర్డు మీద సముద్రమనే మాట చూసి ప్రతివాడికీ నవ్వే. నవ్వరా మరి! కొండలున్నాయి, లాడ్జీలున్నాయి, ఆస్పత్రులున్నాయి. సముద్రం చూడాలంటే తూర్పుగా నాయుడుపేట దాటి ఇంకా పోవాలి. నేను మాత్రం ఉద్యోగమంతా ఆ కనబడని సముద్రం మీదే చేశాను. ఫ్యాను కింద కూర్చుని రేపు అలలు ఎలా ఉంటాయో లెక్క కట్టడం నా పని.

రిటైరై పాకాలలో కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. మీరు సాధించినవి చెప్పండి మేడమ్ అంటారు. సాధించినవి ఎవరైనా చెబుతారమ్మా. నా పనిని నా నోటితోనే రెండేళ్ళ పాటు ఎలా పాడుచేసుకున్నానో చెబుతాను, వినండి. అది తెలిసిన రోజున నేను ఎగిరి గంతేశాను కూడా. తప్పు దొరికితే గంతెయ్యడమేమిటంటారా? మా పనిలో అంతే, తప్పు దొరకడమే పండగ.

ముందు రెండు ముక్కలు పాఠం. భయపడకండి, రెండే.

సముద్రంలో అలలు రెండు రకాలు. ఇక్కడ, ఇప్పుడు వీచే గాలికి లేచేవి ఒక రకం. పొట్టివి, చురుకైనవి, గాలి ఆగితే సద్దుమణిగేవి. రెండో రకం ఎక్కడో దక్షిణ సముద్రంలో తుఫాను లేస్తే పుట్టినవి. తుఫాను చచ్చిపోయినా అవి రోజుల తరబడి నడిచి మన ఒడ్డుకు వస్తాయి. పొడుగ్గా, నెమ్మదిగా, చూడ్డానికి సాధువుల్లా ఉంటాయి గానీ సత్తువంతా వాటిదే. నేను పాకాల జంక్షన్ పక్కన పెరిగినదాన్ని, నాకు ఇలా అర్థమవుతుంది: ప్రతి స్టేషన్లోనూ ఆగే పాసింజరు ఒకటి, మన ఊరి ఎండావానలతో పనిలేకుండా ఎక్కడి నుంచో వచ్చి దూసుకుపోయే గూడ్సు ఒకటి. పట్టాలు మాత్రం అవే. ఆఫీసులో ఈ రెండో రకాన్ని స్వెల్ అనేవాళ్ళం. దాన్ని తెలుగులో ఏమంటారో మాలో ఒక్కరూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఇక రెండో ముక్క. ఏ నిడివి అలలో, అంటే ఎన్ని సెకన్లకోసారి వచ్చే అలలో, ఎంత సత్తువ ఉందో గీత గీస్తే దాన్ని స్పెక్ట్రమ్ అంటాం. ఒక రకం అలలే ఉంటే ఆ గీతకు ఒక మూపురం వస్తుంది. రెండు రకాలూ ఉంటే రెండు మూపురాలు. మా లెక్కలో మాత్రం ఎప్పుడూ ఒక్కటే మూపురం. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమన్నమాట. ఎందుకంటే మా పెద్దసారు, అంటే మా ఆఫీసుకు అధిపతి, ఒక మాట అన్నారు: "కింద శ్రీలంక అడ్డంగా ఉంది. దక్షిణం నుంచి మన ఒడ్డుకి ఏమీ రాదు." పటం చూస్తే నిజమేననిపించింది. గాలి లెక్క ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాం.

మా లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒడ్డున మాకొక మనిషి ఉండేది. చేపలు పట్టే ఊరు, చర్చి వెనకాల ఇల్లు. పదో తరగతి చదువుకుంది. భర్త పడవ మీద పోయేవాడు, ఆమె చేపలు ఎండబెట్టేది. నీళ్ళలో నిలబెట్టిన ఇనుప గుంజకు అడుగడుగుకూ రంగు గీతలు గీయించి ఇచ్చాం. రోజూ పొద్దున ఏడింటికి దాన్ని చూసి, అల ఎంత ఎత్తు లేస్తోందో నాకు ఫోన్లో చెప్పాలి. నేను రిజిస్టర్లో రాసుకోవాలి. ఆ రిజిస్టరు పట్టీ తయారుచేసింది నేనే. అందులో అల ఎత్తుకు గడి ఒక్కటే.

మొదటి వారమే గొడవ మొదలైంది.

"మేడమ్, కొత్తల అడుగున్నర. పాతల మూడు."

ఫోన్లో గాలి హోరు. కొత్తది, పాతది అంటోందనుకున్నాను. ఈ రోజుది చెబుతూ నిన్నటిది కూడా కలిపి అప్పజెబుతోందని నాకు అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను, అదీ సంగతి.

"పాతది నాకెందుకమ్మా? పాతది వద్దు, కొత్తది చెప్పు."

"కొత్తల అడుగున్నరే మేడమ్. పాతల సూస్తే..."

"నిన్నటిది నిన్ననే రాసుకున్నాను తల్లీ! ఒక్కటి చెప్పు. రెండు చెబితే నేనేది రాసుకునేది?"

"సరే మేడమ్, అడుగున్నర" అంది ఆమె. రాసుకున్నాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మరో నాలుగు రోజులు ఆమె మళ్ళీ మళ్ళీ పాతల అంటూనే వచ్చింది, నేను ఒంటికాలి మీద లేస్తూనే ఉన్నాను. అయిదో రోజు నుంచి ఒక్క అంకె చెప్పడం మొదలుపెట్టింది. చూశారా, పద్ధతి నేర్పించాను అని ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నాను. ఆ నేర్పించిన పద్ధతిలోనే రెండేళ్ళు గడిచాయి.

ఇంకోవైపు మాకొక యంత్రం ఉండేది. ఒడ్డుకు కొంత దూరాన లంగరు వేసిన, పసుపురంగు తేలుడు బుర్ర. అలల మీద ఎగురుతూ అరగంటకోసారి స్పెక్ట్రమ్ పంపేది. దాన్ని చూసుకునేవాడు మా కంప్యూటరు మనిషి. చిత్తూరు వాడు, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. కోడు రాయడంలో మొనగాడు గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"అక్కా, ఈ బుర్రకి ఏందో రోగముండాది. ఒక్కోదినం గీతకి రెండో మూపురం మొలస్తాది. సూడు, ఒంటె మాదిరి."

"ఎందుకంటావు?"

"లంగరు తాడు గుంజతాంటాది. దానికి యంత్రం ఊగి దొంగలెక్క సెప్తాంది. కోసి పారేస్తాండా."

కొయ్యమన్నాను. మా లెక్కలో ఒక్క మూపురం. ఒడ్డు మనిషి చెప్పేది ఒక్క అంకె. యంత్రం రెండంటే, యంత్రానిదే తప్పు కాకేం? ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటే మూడోవాడు అబద్ధాలకోరు అని తీర్మానించేశాం. ఆ ఇద్దరిలో ఒకరి నోరు నేనే నొక్కానని అప్పటికి తెలియదు.

ఒక పొద్దున, ఒడ్డు ఊళ్ళకు మేము రోజూ పంపే బులెటిన్‌లో సముద్రం నెమ్మది, అల అడుగున్నర అని వెళ్ళింది. మధ్యాహ్నం రెండింటికి ఒడ్డు మనిషి ఫోన్ చేసింది. మామూలుగా ఆ వేళకు చెయ్యదు.

"మేడమ్, మా ఆయన పడవ తిరగబడింది. ఒడ్డుకొచ్చేటప్పుడు ఎనకనుంచి ఎత్తి ఏసేసింది. భుజం ఎముక జారింది. వల పోయింది. నెమ్మదని రాసినారు కదా మీరు?"

అయ్యో పాపం అనాలి ముందు. అయినా నోరు ఊరుకుంటుందా! రిజిస్టరు తీశాను. "నువ్వే కదమ్మా పొద్దున అడుగున్నర అని చెప్పింది? నీ అంకే ఇక్కడ ఉంది చూడు."

"అది కొత్తల మేడమ్! పాతల మూడున్నర ఉండె. నువ్వు వద్దంటివి కదా!"

"మళ్ళీ పాతదేనా?" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. రెండేళ్ళలో ఆమె నా మీద ఫోన్ పెట్టెయ్యడం అదే మొదటిసారి.

మర్నాడు బస్సెక్కాను. పరామర్శకని చెప్పుకున్నాను గానీ, అసలు ఉద్దేశం ఆమెకు కొలవడం రాదని ఆమె ఎదుటే రుజువు చేయడం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నాయుడుపేటలో బస్సు మారి, అక్కడి నుంచి షేర్ ఆటోలో చేపల గంపల మధ్య ఇరుక్కుని వెళ్ళాను. ఆమె భర్త చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె కాఫీ ఇచ్చింది గానీ మాట్లాడలేదు. కాఫీ తాగి, "రా అమ్మా, గుంజ దగ్గరికి పోదాం. ఎట్లా కొలుస్తున్నావో చూపించు" అన్నాను.

ఇద్దరం నిలబడ్డాం. ఆమె వేలు చూపించింది.

"గుంజ కాడ సిన్నసిన్నగా ఎగస్తాండాయి సూడు మేడమ్. అది కొత్తల. ఈ గాలికి పుట్టింది. అడుగు."

"ఊఁ."

"ఇప్పుడు వాటిని ఇడిసిపెట్టు. వాటి కింద సూడు. మొత్తం నీళ్ళే పైకెత్తుకుంటాది. కనపడతాందా? అదో, ఎత్తుకుంది... ఇప్పుడు దిగతాంది. అది పాతల."

నేను కదలకుండా చూస్తున్నాను. చిన్న అలలు చిందులు తొక్కుతున్నాయి. వాటి అడుగున సముద్రం మొత్తం ఊపిరి తీసుకుంటున్నట్టు పైకి లేచి, మెల్లగా దిగింది. గుంజ మీద మూడు గీతలు మునిగి మళ్ళీ తేలాయి.

"పాతల అని ఎందుకంటారు?" అని అడిగాను.

"దాన్ని పుట్టించిన గాలి సచ్చిపోయి శానా దినాలైంటాది మేడమ్. అల మాత్రం నడస్తానే వస్తాది. ముసిలి అల. అందుకే పాతల. మా నాయన అట్నే అనేటోడు. పాతల సూడకుండా పడవ దించొద్దు అని నాకు సిన్నప్పుడే సెప్పినాడు."

ఓరి నా తెలివి తెల్లారిపోనూ! మా పుస్తకాల్లో అల వయసు అని ఒక అధ్యాయమే ఉంది. గాలి పట్టులో ఉన్నది పడుచు అల, గాలిని వదిలేసి వచ్చింది ముదురు అల. ఆ అధ్యాయం నేనే ఏటేటా కొత్తవాళ్ళకు బల్ల గుద్ది చెప్పేదాన్ని. అదే మాట తెలుగులో నా చెవిలో రోజూ పొద్దున ఏడింటికి పడుతుంటే, నిన్నటి లెక్క అని తోసేశాను.

వాచీ తీశాను. ఒక కొత్తలకూ ఇంకో కొత్తలకూ మధ్య వ్యవధి నాలుగైదు సెకన్లు. పాతలకు లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్ళీ పెట్టాను. పద్నాలుగు. మూడోసారీ అంతే. మా చిత్తూరాయన కోసి పారేస్తున్న ఆ రెండో మూపురం ఎక్కడ మొలిచేదో తెలుసా? సరిగ్గా పద్నాలుగు సెకన్ల దగ్గర!

అక్కడే, ఆ మోకాటి లోతు నీళ్ళలో, యాభై దాటిన ఆడదాన్ని, చెప్పులు చేతిలో పట్టుకుని అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ఎండిన చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒడ్డు మనిషి భయపడి నా చెయ్యి పట్టుకుంది. "ఏమైంది మేడమ్, ఏమన్నా కుట్టిందా?" అంది. లేదమ్మా, కుట్టలేదు, కళ్ళు తెరుచుకున్నాయి అని ఆమెను కావలించుకున్నాను. ఆమె ఒంటినిండా ఎండు చేపల వాసన. ఆ వాసన పట్టిన నా చీరను వారం దాకా ఉతకలేదు, అంతగా మురిసిపోయాను.

అక్కడి నుంచే చిత్తూరాయనకు ఫోన్ చేశాను.

"అబ్బా, ఆ రెండో మూపురం తాడుది కాదు. నిజం! అది నిజం!"

"ఏం నిజమక్కా? యాడుండావు నువ్వు?"

"సముద్రంలో! మోకాళ్ళ దాకా! ఒరే, కోసేసినవన్నీ పారేశావా?"

ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాను.

"పారేస్తానా అక్కా? మా ఇంట్లో మా యమ్మ ఐస్‌క్రీమ్ డబ్బా గూడా పారేయనీదు. అన్నీ ఒక ఫోల్డర్లో పడేసినా. పేరు చెత్త అని పెట్టినా."

ఆ చెత్త ఫోల్డరే మాకు నిధి అయింది. రెండేళ్ళ పాటు యంత్రం నిజం చెప్పిన ప్రతి రోజూ అందులో భద్రంగా ఉంది. మా బుర్రల కన్నా ఆ పసుపు బుర్రే నయం అనుకున్నాం ఇద్దరమూ.

తర్వాతి నెలలు నా ఉద్యోగ జీవితంలోకెల్లా సంబరంగా గడిచాయి. గాలి అలలకు ఒక సూత్రం, స్వెల్‌కు ఒక సూత్రం విడిగా పెట్టి, రెంటినీ కలిపి ఒకే స్పెక్ట్రమ్‌గా కట్టాం. ఎంత బలం పాతలది, ఎంత బలం కొత్తలది అని విడగొట్టడం దగ్గరే తలలు పగిలాయి. రెండు మూపురాల మధ్య లోయలో ఉన్న సత్తువ ఎవరిదన్నదే మా పోట్లాట. నేను పాతలదంటే వాడు కొత్తలదనేవాడు. క్యాంటీన్‌లో ఇడ్లీలు చల్లారిపోయేవి, మా పోట్లాట మాత్రం చల్లారేది కాదు. అన్నట్టు ఆఫీసులో స్వెల్ అనే మాట పోయింది. మా కోడులో కూడా ఇంగ్లీషు అక్షరాలతో పాతల అనే రాశాడు వాడు.

ఒకరోజు ఒడ్డు మనిషికి ఫోన్లో ఉత్సాహంగా చెప్పాను. "చూడమ్మా, తమాషా! మూడడుగుల పాతల, నాలుగడుగుల కొత్తల కలిస్తే మొత్తం ఏడు కాదు, అయిదు! ఎత్తులు కూడకూడదు, సత్తువలు కూడాలి. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే అయిదయిదులు!"

ఆమె తమాషాకు పొంగలేదు. "అయిదు అని ఒక్కటి సెప్తే పడవోడికేం తెలస్తాది మేడమ్? కొత్తల నాలుగంటే బట్టలు తడస్తాయి, అంతే. పాతల మూడంటే పడవ తిరగబడతాది. రెండూ ఇడిఇడిగా సెప్పు."

చురుక్కుమంది. కూడికలో పడి మళ్ళీ ఆమె రెండంకెల్ని ఒకటి చేయబోయాను చూడండి! ఆ సాయంత్రమే బులెటిన్‌లో రెండు గడులు పెట్టాం. ఇప్పుడు ఆమె రోజూ రెండూ చెప్పేది, మధ్యన ఎన్ని సెకన్లో కూడా లెక్కపెట్టి చెప్పేది. ఊరు మాత్రం మా బులెటిన్‌ను నమ్మడం మానేసింది. ఒకసారి మా మాట నమ్మి భుజం ఎముక జార్చుకున్నవాడు వాళ్ళ కళ్ళ ముందే తిరుగుతున్నాడు కదా. ఆ మాటలు చేరవేసిందని ఆమెనూ నిష్ఠూరాలాడేవారు.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం. ఏడింటికి ఫోన్.

"మేడమ్, గాలే లేదు. కొత్తల సున్నా. పాతల అరడుగు గూడా లేదు. కానీ..."

"కానీ ఏమమ్మా?"

"మధ్యన ఇరవై లెక్కపెట్టినాను. నాలుగుసార్లు సూసినా. ఇరవయ్యే. ఎప్పుడూ ఇంత లేదు మేడమ్."

పొడుగు అల ఎంత పొడుగైతే అంత వేగంగా నడుస్తుంది. దండులో ముందు వచ్చేది అదే. చిన్నదే, కానీ వెనకాల ఎంతమంది ఉన్నారో అదే చెబుతుంది. కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను. చిత్తూరాయన అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"అక్కా, మన లెక్కలో మధ్యాహ్నం ఒంటిగంటకి పాతల ఏడడుగులు వస్తాంది. పోటు గూడా అప్పుడే. నేనేమన్నా తప్పు చేసినానా?"

ఇద్దరం మొదటి నుంచి చూసుకున్నాం. తప్పు దొరకలేదు. ఆరేడు రోజుల కిందట ఎక్కడో అట్టడుగున దక్షిణ సముద్రంలో పెద్ద తుఫాను. ఇటు మన ఒడ్డున ఆకు కదలడం లేదు.

పెద్దసారు దగ్గరికి పోయాం. ఆయన కిటికీలోంచి ఆకాశం చూశారు. "గాలి లేదు. మబ్బు లేదు. ఏడడుగులంటారేమిటి? శ్రీలంక సంగతేమిటమ్మా?"

ఆయన బల్ల మీద అలంకారానికి ఒక గ్లోబు ఉండేది. ఫైలు కట్టే దారం ఒకటి లాగి, ఒక కొస దక్షిణ సముద్రంలో ఆ తుఫాను చోట పెట్టి, రెండో కొస మన ఒడ్డున పెట్టి బిగించాను. దారం శ్రీలంకను తాకకుండా తూర్పు పక్కగా ఏటవాలున వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశారు. ఆ గ్లోబు మీద దుమ్ము పడటమే తప్ప ఎవరూ చెయ్యి వెయ్యలేదు అన్నేళ్ళూ.

"తప్పయితే?" అన్నారు.

"నా పేరు రాయండి సార్."

హెచ్చరిక కాగితం కింద నా పేరు రాశాను. ఆయన నా పేరు కింద తన పేరు కూడా రాశారు. పెద్దసారు మీద నాకున్న సణుగుళ్ళన్నీ ఆ ఒక్క సంతకంతో మాఫీ చేసేశాను.

ఒడ్డు మనిషికి ఫోన్ చేసి చెప్పాను. "పడవలెక్కడున్నాయి?"

"తెల్లారకముందే పోయినాయి. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యన వస్తాయి."

సరిగ్గా ఆ వేళకే! లోతు నీళ్ళలో పాతల ఏమీ చెయ్యదు, పడవను ఎత్తి దించుతుంది, అంతే. చంపేది ఒడ్డు దగ్గరే, నేల తగిలి విరిగినప్పుడు. "పదకొండులోపల రాగలిగినవాళ్ళు వచ్చెయ్యాలి. రాలేనివాళ్ళు లోపలే ఉండాలి, సాయంత్రం పోటు తగ్గేదాకా. ఒడ్డున ఉన్న పడవల్ని పైకి లాగమను" అన్నాను.

"ఈ ఎండలో, నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటే, సముద్రంలోనే ఉండమంటే ఎవరుంటారు మేడమ్?"

"నువ్వు చెబితే..."

"నేను సెప్తాను. నేను లెక్కపెట్టినా కదా ఇరవై. మా ఆయన భుజం బాగై పోయేది ఇది మూడో దినం. శానా దూరం పోయినాడు. పదకొండుకి రాలేడు. నీ లెక్క గంట అటూ ఇటూ అయితే నీకు కాగితం పోతాది మేడమ్. నాకు మనిషి."

పదకొండయింది. దగ్గరలో ఉన్న పడవలు చాలావరకు వచ్చేశాయట, తిట్టుకుంటూనే. పన్నెండయింది. సముద్రం అలాగే ఉందట. మేడమ్‌కి తిరుపతి కొండ మీద అలలు కనపడినాయంట అని ఒక ముసలాయన అంటే ఒడ్డంతా నవ్విందని చెప్పింది. చిత్తూరాయన గోళ్ళు కొరుక్కుంటున్నాడు. లెక్క తప్పయి ఉంటే బాగుండునని కూడా ఒక్కసారి అనిపించింది, నిజం చెబుతున్నాను.

పన్నెండున్నరకు మళ్ళీ ఫోన్.

"మేడమ్, మా ఆయనకి సిగ్నల్ దొరికింది. ఐసు కరిగిపోయింది, చేప చెడిపోతాంది, వచ్చేస్తానంటాండాడు. సముద్రం బాగుండాది అంటాడు. బాగానే ఉండాది. ఏం సెప్పేది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రమ్మంటే ముప్పావుగంటలో ఒడ్డు దగ్గరుంటాడు. అరగంటకోసారి వచ్చే పసుపు బుర్ర లెక్క అప్పుడే తెర మీద పడింది. మొదటి మూపురం లేదు. రెండోది నిలువునా లేచి కూర్చుంది, నేనెన్నడూ చూడనంత. "అక్కా, వస్తాంది! వస్తాంది!" అని చిత్తూరాయన బల్ల మీద గుద్దాడు.

"వద్దని చెప్పు!"

"గట్టిగా సెప్పేదా?"

"గట్టిగా చెప్పు తల్లీ! పెళ్ళాం మీద ఒట్టని చెప్పు, ఏమన్నా చెప్పు, రావద్దను!"

ఒంటిగంట దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. మాట వినబడలేదు. హోరు, ఆ హోరు మధ్యలో జనం అరుపులు. తర్వాత ఆమె గొంతు, బొంగురుపోయి. "వచ్చింది మేడమ్! గుంజ కనపడలేదు! వలల షెడ్డు దాకా ఎక్కేసింది! పడవలు పైన ఉండాయి, మనుషులు ఎవరికీ ఏం కాలా! గాలి లేదు మేడమ్, ఆకు గూడా కదల్లా, ఎట్టొస్తాందో సూడు!" భయపడుతోందో సంబరపడుతోందో తెలియలేదు. నేనూ చిత్తూరాయనా చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. మూడోసారి గెంతబోతుండగా గుర్తొచ్చింది, ఆమె మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. ఇద్దరం కూర్చున్నాం.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగో చెప్పలేను. అతను ఉన్నాడో, మాట వినకుండా వచ్చేశాడో తెలియదు. సిగ్నల్ లేదు. పెద్దసారు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచే తెర చూసి వెళ్ళిపోయారు. అరగంటకోసారి మూపురం కొంచెం కొంచెంగా దిగుతోంది. అయిదున్నరకు ఆఫీసు ఖాళీ అయింది. మేమిద్దరం ఉన్నాం. ఆరుంబావుకు ఫోన్ మోగితే, మొదటి మోతకే ఎత్తాను.

మగ గొంతు. ఆ గొంతు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కట్టుతో అరుగు మీద కూర్చుని మొహం తిప్పుకున్న మనిషి.

"ఎండకి మాడిపోయినా మేడమ్. తాగేదానికి నీళ్ళు గూడా అయిపోయినాయి. పట్టిన చేపంతా పారబోసినా."

"అయ్యో, క్షమించు నాయనా" అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

వెనకాల ఆమె ఎవరినో గట్టిగా పిలుస్తోంది, పిల్లలు అరుస్తున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"సరేగానీ మేడమ్, రేపెట్టుంటాది? పోవచ్చునా?"

అన్నేళ్ళ ఉద్యోగంలో రేపటి గురించి నేను రాసిన బులెటిన్లకు లెక్కలేదు. రేపెలా ఉంటుందని నన్ను అడిగిన మొదటి మనిషి అతనే.

"ఉండబ్బా, చూసి చెప్తాను" అన్నాను. సంచీ కింద పెట్టి మళ్ళీ కుర్చీ లాక్కున్నాను.